మేనల్లుడి జిప్సీకి రోల్ కేజ్ మళ్ళీ కట్టాను

పాత రోల్ కేజ్, అంటే బండి దొర్లినా లోపలి మనిషి నలగకుండా కట్టే పైపుల చట్రం, ఇప్పటికీ మా షాపు వెనక కొబ్బరిచెట్టు కింద పడి ఉంది. తుక్కు కొనే అబ్బాయి రెండుసార్లు వచ్చి అడిగాడు, ఇవ్వలేదు. నల్ల పౌడర్ కోటింగు ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. ముందునించి చూస్తే తెలుస్తుంది సంగతి. సీటు వెనక నిలువుగా నిలబడాల్సిన పెద్ద వంపు పైపు, అదే మెయిన్ హూప్, ఎడమకి జానెడు వాలిపోయింది. కుడి బెండు దగ్గర పైపు నమిలి పారేసిన చెరుకుముక్కలా చదునైపోయింది. ఒక కాలి బేస్ ప్లేటుకి జిప్సీ ఫ్లోరు రేకు బోల్టులతో సహా అతుక్కునే ఉంది. బోల్టు తెగలేదు, నట్టు ఊడలేదు. రేకే చిరిగింది.

ఆ కేజ్ తయారుచేసింది నేను కాదు. బిగించింది మాత్రం నేనే. మా అక్క కొడుకు దాన్ని ఎక్కడో కొని లారీలో తెప్పించుకుని, "మావయ్యా, ఒక్క గంట పని" అంటే, ప్లేట్లు చూసి కూడా ఏమీ అనకుండా బిగించి పంపేశాను. ఇరవై ఏళ్ళుగా చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల ఫ్రేములు, తూము షట్టర్లు, ట్రాక్టరు ట్రక్కులు చేస్తున్నవాణ్ణి. నేను చూడాల్సింది.

మాది మలికిపురం దగ్గర. వాడి రొయ్యల చెరువులు ఇంకా కిందకి, సముద్రం వైపు. జిప్సీ 2006 మోడలు, 1300 సీసీ పెట్రోలు, గుడ్డ టాప్. చెరువుగట్ల మీద తిరగడానికి అంత తేలికైన ఫోర్ వీల్ బండి ఇంకోటి లేదని నా అభిప్రాయం. పోయిన వానాకాలం ఒక చెరువు పట్టుబడి అయిపోయి, నీళ్ళు తీసేసి అడుగు ఎండబెడుతున్నారు. పక్క చెరువుకి మేత తీసుకెళ్తున్నాడు. కేజ్ మీద తనే ఒక క్యారియర్ వేయించుకున్నాడు. దానిమీద 25 కిలోల మేత బస్తాలు నాలుగు. గట్టు ఎత్తు ఆరడుగులకి పైమాటే. రాత్రి వాన పడి మట్టి సబ్బులా ఉంది. కుడి చక్రాలు అంచు దాటాయి. బండి చాలా నెమ్మదిగా పోతోంది, రెండో గేరో మొదటి గేరో. అయినా కుడిపక్కకి పడి, తలకిందులై, ఎడమపక్క మీద ఆగింది. నీళ్ళు లేని చెరువు కాబట్టి బతికాడు. నిండు చెరువైతే ఆ మాట రాసేవాణ్ణి కాదు.

నడుం బెల్టు పెట్టుకున్నాడు, హెల్మెట్ లేదు. హూప్ ఎడమకి వాలినప్పుడు కుడివైపు పైబారు వాడి తలమీదకి వచ్చింది. కుడిచెవి పైన తొమ్మిది కుట్లు. రాజోలు ఆసుపత్రి నించి ఇంటికొచ్చాక మా అక్క నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

వారం తర్వాత ఆ కేజ్ విప్పి, షాపులో కిందపెట్టి, ముక్కముక్కా చూశాను. ముందు పైపుకి చిన్న కన్నం వేసి మందం కొలిచాను. 38 మిల్లీమీటర్ల పైపు, గోడ మందం 1.6. అతుకు పైపే, అంటే రేకు చుట్టి అంచులు అతికించింది. బెండు దగ్గర వెర్నియర్ పెడితే ఒకవైపు 44, ఇంకోవైపు 31. ప్రమాదానికి నలగని బెండు దగ్గర కూడా 40కి 34 వచ్చింది. అంటే వంచినప్పుడే గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం అయిపోయింది. అక్కడే నలగడం మొదలైంది. బేస్ ప్లేట్లు 75కి 75 చదరం, 3 మిల్లీమీటర్ల మందం, ఒక్కోదానికి రెండేసి 6 మిల్లీమీటర్ల బోల్టులు. కింద వైపు ప్లేటు లేదు, వాషర్లే. ఏటవాలు పైపు ఒక్కటీ లేదు. అన్నీ నిలువు, అన్నీ అడ్డం.

ఆ చివరిది చూసినప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. ముమ్మిడివరం దగ్గర. 1996 నవంబరు 6న తుపాను కోనసీమ మీద తీరం దాటినప్పుడు నాకు పదేళ్ళు. మేం పెద్దింట్లో తలుపులకి బల్లలు అడ్డంపెట్టి కూర్చున్నాం. తెల్లారి లేచి చూస్తే కొబ్బరితోట తోటంతా పడుకుని ఉంది. పెరట్లో పశువుల పాక కూడా పడుకుంది. దాని రాటలు ఒక్కటీ విరగలేదు. దూలాలూ విరగలేదు. నిలువు చట్రం కాస్తా పక్కకి వాలి నేలకి అంటుకుపోయింది, అంతే. దాని పక్కనే గడ్డి దాచే పాకకి తాతయ్య మూలనించి మూలకి వెదురుబొంగులు ఏటవాలుగా కట్టించాడు. దాని తాటాకు మొత్తం ఎగిరిపోయింది గాని చట్రం నిలబడింది. తాతయ్య ఆ బొంగుల్ని చేత్తో తట్టి చూసుకోవడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

నాలుగు కర్రలు చదరంగా కట్టి పక్కనించి నెట్టండి, కర్రలు ఎంత లావైనా సరే, మూలల దగ్గర తిరిగిపోయి ఏటవాలు చదరం అయిపోతుంది. మూడు కర్రలు ముక్కోణంగా కట్టి నెట్టండి, ఒక కర్ర విరిగితే గాని ఆకారం మారదు. మూలల దగ్గర వెల్డింగు ఉంది కదా, అది పట్టుకుంటుంది కదా అనిపిస్తుంది. పట్టుకుంటుంది, కాని అప్పుడు భారమంతా వంపుగా మూలమీదే పడుతుంది. ముక్కోణంలో అదే భారం పైపు పొడవునా లాగుడుగానో నొక్కుడుగానో పోతుంది. పైపుకి వంపు తట్టుకోవడం కష్టం, లాగుడు తేలిక. పాత కేజ్ కుడి బెండు నలగడానికి ఇదే కారణం. నా బిగింపు, వాడి బస్తాలు అన్నీ తర్వాత.

అందరూ ముందు అడిగేది "ఏ మందం పైపు వేశారు?" అని. మా షాపులో పనిచేసే పెద్దాయన కూడా అదే అన్నాడు. బోరు తీసినప్పుడు మిగిలిన జీఐ పైపు షెడ్డులో ఉంది, ఒకటిన్నర అంగుళం, బి-క్లాసు, మందం 3.2. "ఇది వేసేద్దాం బాబూ, లారీ ఎక్కినా వంగదు." ఒప్పుకోలేదు. మీటరుకి మూడున్నర కిలోలు. అంత బరువు తల పైన పెడితే బండి ఇంకా త్వరగా దొర్లుతుంది. పైగా జీఐ అంటే జింకు పూత. వెల్డింగు చేస్తుంటే తెల్లటి పొగ వస్తుంది, సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. పాలు తాగితే పోతుందనేది మా నాన్నగారి తరం నమ్మకం. ఆ పొగ పీల్చకుండా ఉండటమే అసలు మందు. జింకు వెల్డింగులో కలిసి గుల్లలు కూడా చేస్తుంది. ఏరేటర్‌కైతే సర్లే అనుకోవచ్చు, మనిషి తల పైన ఉండే అతుక్కి కుదరదు.

మోటార్ పోటీలకి ఎఫ్.ఐ.ఏ. అనే అంతర్జాతీయ సమాఖ్య నిబంధనలు రాస్తుంది. అపెండిక్స్ జె లో 253వ ఆర్టికల్ మొత్తం ఇలాంటి భద్రతల గురించే. అందులో మెయిన్ హూప్‌కి అతుకులేని కోల్డ్ డ్రాన్ (చల్లగా లాగి తయారుచేసిన) పైపు, 45 మిల్లీమీటర్లు, మందం 2.5, లేదా 50కి 2 ఉండాలని ఉంది. మిగతావాటికి 38కి 2.5, లేదా 40కి 2. నేను 45, 38 తీసుకున్నాను. మీటరు బరువు కట్టడం ఫ్యాబ్రికేషన్ వాళ్ళకి తెలిసిందే: వ్యాసంలోంచి మందం తీసేసి, మళ్ళీ మందంతో గుణించి, 0.02466తో గుణిస్తే కిలోలు. పాత పైపు 1.44, కొత్తది 2.62. బరువు రెట్టింపు కూడా కాలేదు. వంగకుండా నిలిచే గుణం లెక్కేస్తే రెండున్నర రెట్లు పెరిగింది. ఎందుకంటే ఆ గుణం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. లోహం మధ్యనించి ఎంత దూరంగా ఉంటే అంత పనిచేస్తుంది. అదే 2.62 కిలోల ఇనుము గట్టి కడ్డీగా పోస్తే 20 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అది ఈ పైపులో ఎనిమిదో వంతు కూడా నిలవదు. పెద్దాయనకి ఇది బొప్పాయి ఆకుకాడ చూపించి చెప్పాను. లోపల డొల్ల, అయినా అంత పెద్ద ఆకుని గాలిలో మోస్తుంది.

మేనల్లుడు క్రోమోలీ, అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు కావాలన్నాడు. అది ఎక్కువ లాగుడు తట్టుకుంటుంది, నిజమే. కాని బిగువులో మామూలు ఉక్కుకీ దానికీ తేడా లేదు. అదే సైజు పైపు అంతే వంగుతుంది, విరగడం మాత్రం ఆలస్యంగా విరుగుతుంది. వెల్డింగు పక్కన అది పెళుసెక్కకుండా చూసుకునే పద్ధతులు నా చేతికి అలవాటు లేదు. అలవాటు లేని పని వాడి తల మీద నేర్చుకోను అని చెప్పాను.

పైపు కోసం చించినాడ వంతెన దాటి, పాలకొల్లు, భీమవరం మీదుగా విజయవాడ ఆటోనగర్ వెళ్ళాం. బెండు కూడా అక్కడే కొట్టించాం. మా దగ్గరున్న చేతిపంపు హైడ్రాలిక్ బెండరు నీళ్ళ పైపులకి పనికొస్తుంది. పల్చటి గోడ పైపుని మధ్యలో నొక్కి చదును చేసేస్తుంది. పాత పద్ధతి ఒకటుంది, ఎండబెట్టిన గోదావరి ఇసుక దట్టంగా కూరి, రెండుచివరలా చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచడం. ఇసుకలో కొంచెం తడి ఉన్నా ఆవిరికి బిరడా తుపాకీ గుండులా వస్తుంది. అదలా ఉంచండి, చల్లగా లాగి తయారుచేసిన పైపుని కాలిస్తే, అలా లాగడం వల్ల వచ్చిన బలం పోతుంది. అందుకని పైపు నలగకుండా లోపల మాండ్రెల్ అనే ఊత పెట్టి చల్లగా వంచే మిషన్ మీదే చేయించాం. వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి మూడు రెట్లకి తగ్గకూడదు, అంటే మాకు 135. వంచాక సన్నటి కొలతని లావు కొలతతో భాగిస్తే 0.9కి తగ్గకూడదు. అక్కడే నిలబడి వెర్నియర్ పెట్టాను. 46కి 43.5. పాత కేజ్ బెండుకి ఇదే లెక్కేస్తే 0.85 వచ్చింది, అదీ దెబ్బ తగలని వైపు.

పైపు సంగతి ఇంతే. నన్ను నిద్రపోనివ్వనిది కాళ్ళ సంగతి.

మా నేలలో పందిరి వేసేవాడెవడైనా రాటని ఊరికే బురదలో దింపడు. కింద తాటిపట్టె ముక్కో, ఇటుకో పెడతాడు. లేకపోతే పందిరి ఎంత గట్టిగా కట్టినా పెళ్ళి అయ్యేలోపు ఒక మూల దిగిపోతుంది. జిప్సీ ఫ్లోరు కూడా అలాంటిదే. మందం ఒక మిల్లీమీటరు. పైన ఎంత దిట్టమైన చట్రం కట్టినా, బండి తలకిందులైనప్పుడు ఆ బరువంతా కాళ్ళలోంచే పోవాలి. ఎఫ్.ఐ.ఏ. కేజ్‌ని పరీక్షించేటప్పుడు బండి బరువుకి 150 కిలోలు కలిపి, దానికి ఏడున్నర రెట్ల భారం మెయిన్ హూప్ మీద నిలువుగా పెడతారు. జిప్సీ టన్నుకి అటూ ఇటూ. లెక్కేస్తే ఎనిమిదిన్నర టన్నులు పైన. రెండు కాళ్ళు, వాటి కింద 75 మిల్లీమీటర్ల పలక, దాని కింద ఒక మిల్లీమీటరు రేకు. రాసి చూసుకుంటే చెమట పట్టింది.

రేకు ఎప్పుడూ ప్లేటు అంచు వెంబడే చిరుగుతుంది. కాబట్టి ప్లేటు వైశాల్యంతో పాటు దాని చుట్టుకొలతా చూడాలి. నిబంధన ప్రకారం మెయిన్ హూప్ కాలి కింద బలపరిచే ప్లేటు 120 చదరపు సెంటీమీటర్లకి, 3 మిల్లీమీటర్ల మందానికి తగ్గకూడదు. మేం 150కి 100, మందం 4 వేశాం. మూలలు గుండ్రంగా అరగదీశాం, కోసుగా ఉన్న మూల దగ్గరే చిరుగు మొదలవుతుంది గనక. అంతకన్నా పెద్ద పని ఇంకోటి చేశాం. ప్లేటుని ఎల్ ఆకారంలో మడిచి, సగం ఫ్లోరు మీద, సగం తలుపు గుమ్మం కింద పొడవుగా పోయే పెట్టె గోడకి ఆనించి వెల్డు చేశాం. పడుకున్న రేకు మీద బరువు పెడితే దిగిపోతుంది. నిలబడ్డ రేకు అంచు మీద బరువు పెడితే దిగదు. పుస్తకం అట్టని చేతిలో అడ్డంగా, తర్వాత నిలువుగా పట్టుకుని నొక్కి చూడండి, తెలిసిపోతుంది. ఆ ప్లేటుకి కింద ఇంకో ప్లేటు, మధ్యలో ఫ్లోరు రేకు, మూడింటినీ కలిపి కాలికి నాలుగేసి 10 మిల్లీమీటర్ల బోల్టులు, తలమీద 8.8 అని బలం గుర్తు ఉన్నవి. నిబంధనలో మూడు, 8 మిల్లీమీటర్లవి చాలు. నేను నాలుగు వేసుకున్నాను.

ఛాసిస్‌కి కలపాలా వద్దా అని పది రోజులు కొట్టుకున్నాం. జిప్సీకి కింద నిచ్చెనలాంటి ఛాసిస్, దానిమీద రబ్బరు దిమ్మెల మీద బాడీ. గుంతల్లో ఛాసిస్ మెలితిరుగుతుంది, బాడీ దానిమీద కొంచెం కొంచెం కదులుతుంటుంది. కేజ్‌ని ఛాసిస్‌కి నేరుగా వెల్డు చేసేస్తే ఆ కదలికకి ఫ్లోరులో కాలు దిగిన కన్నం చుట్టూ పగులు వస్తుంది. బాడీకే వదిలేస్తే, ఎంత ప్లేటు వేసినా చివరికి రేకే ఆధారం. చివరికి కింది ప్లేటు దగ్గరనించి ఛాసిస్‌కి బ్రాకెట్ వేసి, మధ్యలో సస్పెన్షన్‌కి వాడేలాంటి గట్టి బుష్ పెట్టాం. మామూలుగా కదలనిస్తుంది, దెబ్బ తగిలితే ఛాసిస్ మీద కూర్చుంటుంది. సీట్లు కూడా ఫ్లోరునించి తీసి కేజ్‌కి కట్టిన అడ్డపైపుల మీద పెట్టాం. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. మనిషి ఒకదాని మీద, కేజ్ ఇంకోదాని మీద ఉంటే దెబ్బ తగిలినప్పుడు రెండూ ఒకదానికొకటి ఎదురొస్తాయి.

వెల్డింగు దగ్గరకి వద్దాం. మా వీధిలో ఒకమ్మాయి కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. కాలేజీలో బాజా పోటీకి బండి తయారుచేసే జట్టులో ఉంది. ఎస్.ఏ.ఈ. ఇండియా వాళ్ళు 2007 నించి పెడుతున్న పోటీ అది, పిల్లలే చిన్న ఆఫ్‌రోడ్ బండి కట్టి తోలాలి. సెలవులకి వచ్చినప్పుడు షాపుకి వచ్చి, పైపులు చూసి, "బాబాయ్, శాంపిల్ విరగ్గొట్టారా?" అంది. నాకర్థం కాలేదు. వాళ్ళ పోటీలో కేజ్ వెల్డు చేసేవాడు అదే పైపుతో నమూనా అతుకు చేసి, దాన్ని విరగ్గొట్టి చూపించాలట. విరిగితే అతుకు దగ్గర విరగకూడదు, పక్కన పైపు విరగాలి. ఇన్నేళ్ళలో నా వెల్డింగుని నేను ఎప్పుడూ విరగ్గొట్టి చూసుకోలేదు. బాగా కనపడితే బాగున్నట్టే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే చేశాం. మిగిలిన 38 పైపు ముక్కలు రెండు తీసుకుని, ఒకదాని చివర చేపనోరులా చెక్కి, రెండోదాని మీద టి ఆకారంలో కూర్చోబెట్టి, సీఓటూ గ్యాసు వెల్డింగు మిషన్‌తో చుట్టూ వేశాను. చూడ్డానికి చిల్లరనాణేలు పేర్చినట్టు వరసగా వచ్చింది. వైస్‌లో బిగించి, పొడుగు పైపు తొడిగి, సుత్తితో కొట్టాం. నాలుగో దెబ్బకి "టక్" మని ఊడొచ్చింది. పైపు చెక్కుచెదరలేదు. అతుకే ఒకవైపు మొత్తం లేచిపోయింది. లోపల పైపు అంచు గ్రైండరు గీతలతో సహా కొత్తగా మెరుస్తోంది. కరిగిన లోహం దానిమీద కూర్చుంది, దానిలోకి దిగలేదు. ఆ గీతలు చూసి కాసేపు ఎవరం మాట్లాడలేదు. అలాంటి అతుకులు ఎన్ని ట్రాక్టరు ట్రక్కులకి వేసి ఉంటానో.

కారణాలు మూడు దొరికాయి. కరెంటు తక్కువ పెట్టాను, పల్చటి పైపు కన్నం పడుతుందని భయం. పైపు మీద మిల్లు నూనె, నల్లపొర పూర్తిగా గోకలేదు. మూడోది మా ఊరి గాలి. మధ్యాహ్నం దాటితే సముద్రం వైపునించి గాలి మొదలవుతుంది. మా షెడ్డుకి రెండువైపులా గోడ లేదు. వెల్డు చుట్టూ కాపలా ఉండాల్సిన గ్యాసుని గాలి ఎగరేసుకుపోతోంది, విరిగిన అతుకులో సూదిమొనంత గుల్లలు కనపడ్డాయి. చెరువుకి పరిచే లైనర్ షీటు మిగిలితే మూడువైపులా తెరలా కట్టాం. పైపు చివర అంగుళంన్నర మేర తెల్లగా వచ్చేదాకా గోకాం. 0.8 మిల్లీమీటర్ల వెల్డింగు తీగతో కరెంటు 100 ఆంపియర్ల పైకి తెచ్చాను. చేపనోరు సందు లేకుండా అరగదీశాం. సందు ఎక్కువుంటే దాన్ని నింపడంలోనే వేడి అయిపోతుంది. రెండో నమూనా కూడా అతుకు అంచునే చీలింది, కొంత మెరుగు. మూడోది కొట్టగా కొట్టగా పైపు నలిగి అతుకు పక్కన చిరిగింది. ఐదోదాకా చేశాం. మూడు, నాలుగు, ఐదు ఒకేలా వచ్చాక గాని అసలు కేజ్ ముట్టుకోలేదు. ఆ ఐదు ముక్కలూ బల్ల మీద వరసగా పెట్టి ఉంచాను. కొత్తగా పనిలోకి వచ్చే కుర్రాళ్ళకి మొదట చూపించేది అవే.

కట్టడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. గుడ్డ టాప్ తీసేస్తే పైన ఆకాశమే కాబట్టి, రేకు టాప్ బండ్లకిలా పైఅతుకు అందకపోవడం అనే బాధ లేదు. ప్రతి అతుకూ చుట్టూ తిరిగి వేశాం. ముందు అంతా టాక్ కొట్టి, అంటే చుక్క వెల్డులతో నిలబెట్టి, మూలనించి మూలకి టేపు పెట్టి రెండు కొలతలూ సమానమయ్యాకే పూర్తి వెల్డు. మెయిన్ హూప్‌లో ఒక డయాగనల్ (ఏటవాలు పైపు), హూప్‌నించి వెనక్కి దిగే బ్యాక్ స్టేల మధ్య కత్తెరలా రెండు, పైన ఒకటి, తలుపుల దగ్గర రెండేసి. బ్యాక్ స్టే సరిగ్గా హూప్ బెండు దగ్గర కలిసేలా చూశాం. అరడుగు కిందకి కలిపితే దెబ్బ ఆ పైపు నడుంమీద పడుతుంది. పైపులు కలిసే చోట అన్నీ ఒకే చుక్కలోకి రావాలి. మూలల్లో గస్సెట్లు, అంటే బలానికి వేసే ముక్కోణం రేకులు, 100 మిల్లీమీటర్లవి. మొత్తం అరవై కిలోల పైచిలుకు వచ్చింది. ఆ క్యారియర్‌ని మళ్ళీ ఎక్కనివ్వలేదు. కేజ్ ఉంటే దానిమీద ఏదో ఒకటి కట్టాలనిపిస్తుంది. వాడి బండి దొర్లడానికి ఆ నాలుగు బస్తాల ఎత్తు కూడా కారణమే. మేత ఇప్పుడు వెనక ఫ్లోరు మీద, తాడుతో కట్టి వెళ్తుంది.

మా ఉప్పుగాలికి పైపు బయటనించి కన్నా లోపలనించి ముందు తుప్పు పడుతుంది. అందుకని ఎక్కడా చివర తెరిచి వదల్లేదు. మందం చూడ్డానికి కొత్త పైపుకి వేసిన కన్నం కూడా మళ్ళీ వెల్డుతో మూసేశాను. రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు, పైన మామూలు ఎనామిల్. పగులు వస్తే పైన రంగు మీద గీతలా కనపడాలి, అందుకే మందంగా ఉండే పౌడర్ కోటింగు వద్దన్నాను. లేత రంగు వేశాను. వాడికి నచ్చలేదు.

ఇంకొకటి. బండి నిర్మాణం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది. మా జిప్సీ చెరువుల్లో, ప్రైవేటు స్థలాల్లో తిరుగుతుంది. బయటికి వెళ్ళాలంటే లారీ మీద వెళ్తుంది. రోడ్డు మీద తిరిగే బండికి చేయించుకోవాలనుకునేవాళ్ళు ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇంకా ముఖ్యంగా, హెల్మెట్ లేకుండా తిరిగే బండిలో తలకి దగ్గరగా ఉక్కు పైపులు పెట్టుకోవడం మంచిది కాదు. చిన్న గుద్దుకే తల పైపుకి కొట్టుకుంటుంది. మా వాడి కుట్లు కూడా పైపు తగిలినవే.

చెరువు తవ్వడానికి వచ్చిన పొక్లెయిన్ ఉంటే, దాని బకెట్‌కి గొలుసు వేసి హూప్ కుడి పైమూలనించి బండిని లేపించాను. నాలుగు చక్రాలూ నేల వదిలేదాకా. ఐదు నిమిషాలు అలా ఉంచి దింపి, మళ్ళీ టేపు పెట్టాం. మూలనించి మూలకి రెండు కొలతలూ అంతకుముందు రాసుకున్నవే. ఎనిమిదిన్నర టన్నుల పరీక్ష ముందు ఒక టన్ను ఏపాటిదో నాకు తెలుసు. కాని బండి గాలిలో ఉన్నప్పుడు కింద పడుకుని ఆ కాలి ప్లేటు అంచు చూశాను. రేకు ముడత పడలేదు. నాకు కావల్సింది అది.

ఆఖరికి ప్యాడింగ్. ఏసీ పైపులకి తొడిగే మెత్తటి నురగ వాడుతుంటారు చాలామంది. అది చేత్తో నొక్కితే నలిగిపోతుంది, తల దెబ్బకి ఉన్నా లేనట్టే. ఎస్.ఎఫ్.ఐ. 45.1 అని ఒక ప్రమాణం ఉంది, ఆ ముద్ర ఉన్న గట్టి నురగ తెప్పించాం. తల, భుజం, మోకాలు తగిలే ప్రతిచోటా వేశాం. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నప్పుడు పైబారుకీ దానికీ మధ్య ఆరంగుళాలు ఉండాలని బాజా నిబంధనట. సీటు రెండంగుళాలు దించితే వచ్చింది.

నురగ మీదకి రెక్సిన్ తొడుగులు మా అక్క కుట్టింది. మొదటిరోజు ముక్క చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, "ఇంత గట్టిగా ఉందేంట్రా, దిండులా ఉంటుందనుకున్నాను" అంది.

"దిండులా ఉంటే పనిచెయ్యదక్కా. దెబ్బ తగిలినప్పుడు ఇది నెమ్మదిగా నలగాలి."

ఇంకేం అడగలేదు. కుట్లన్నీ రెండు వరసలు వేసింది. తొడుగులు ఎక్కించిన రోజు తనే వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. కుడివైపు పైబారు పొడవునా చెయ్యి పోనిచ్చింది. వాడికి తల తగిలిన చోట ఒక్క క్షణం ఆపి, రెండు చేతులతో పట్టుకుని బలంగా ఊపింది. బండి స్ప్రింగుల మీద ఊగింది గాని బారు కదల్లేదు.

"తాళం ఏది?" అంది. వాడు జేబులోంచి తీసి ఇచ్చాడు. దాన్ని తీసుకెళ్ళి కొత్త హెల్మెట్ లోపల వేసి, ఇంట్లో బీరువా మీద పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంటుంది. తాళం కావాలంటే హెల్మెట్ దించాల్సిందే.